మిస్టర్ బీన్ నుంచి బ్లాకాడర్‌కి: నాలుగు సీజన్లలో ఏది ముందు చూడాలి?

మిస్టర్ బీన్ మొహం గుర్తుపట్టనివాళ్లు మన దగ్గర అరుదు. కార్టూన్ చూసే చంటిపిల్లల నుంచి, మినీ కారు టాపు మీద కుర్చీ వేసుకుని డ్రైవ్ చేసే సీను ఫోన్లో పదోసారి చూసి నవ్వే తాతల దాకా అందరికీ తెలిసిన మొహమే. ఆ మనిషి గొంతు ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు.

రోవన్ అట్కిన్సన్ నటనలో సగం ఆ గొంతులోనే ఉంది. అది వినాలంటే బ్లాకాడర్ చూడాలి. 1983 నుంచి 1989 దాకా బీబీసీ వన్‌లో వచ్చిన సిట్‌కామ్, అంటే హాస్య సీరియల్ ఇది. నాలుగు సీజన్లు, సీజన్‌కి 6 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు అరగంట. మొత్తం 24 ఎపిసోడ్లు కలిపితే 12 గంటలు. 2004లో బీబీసీ ‘బ్రిటన్ బెస్ట్ సిట్‌కామ్’ ఏదని ప్రేక్షకులతో ఓట్లు వేయిస్తే దీనికి రెండో స్థానం దక్కింది.

ఒకే వంశం, నాలుగు కాలాలు. 1485లో రాకుమారుడు, ఎలిజబెత్ రాణి కొలువులో ప్రభువు, రాజు బదులు పాలన చూసే రీజెంట్ యువరాజు దగ్గర బట్లర్, 1917లో మొదటి ప్రపంచ యుద్ధపు కందకంలో కెప్టెన్. నలుగురి పేరూ ఎడ్మండ్ బ్లాకాడరే, నలుగురూ అట్కిన్సనే. తరం మారేకొద్దీ హోదా మెట్టు మెట్టుగా దిగుతుంది, బుర్ర మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. పక్కన ఎప్పుడూ బాల్డ్రిక్ అనే నౌకరు ఉంటాడు. మురికి బట్టలు, చేతిలో టర్నిప్ దుంప, నోట్లో ‘నా దగ్గరో ఉపాయం ఉంది దొరా’ అనే మాట. పరమానందయ్య శిష్యుల్లో ఒకడు తప్పిపోయి లండన్ చేరాడనుకోండి, వాడే.

సీజన్ల మధ్య కథ కొనసాగదు కాబట్టి ఎక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు. ఇంగ్లండులోని అభిమానుల్లో ఎక్కువమంది రెండో సీజన్‌తో మొదలుపెట్టమంటారు. తెలుగు ప్రేక్షకుడికి మేము చెప్పే వరుస వేరు: మూడు, రెండు, నాలుగు, ఓపిక ఉంటే చివర్లో ఒకటి.

ఒకటో సీజన్ ముందు ఎందుకు వద్దు

ఎక్కువమంది చేసే పొరపాటు సీజన్ 1, ఎపిసోడ్ 1 నొక్కడం. రెండు ఎపిసోడ్లు చూసి ‘ఇంతేనా’ అని వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు. 1983 సీజన్ మిగతా మూడింటితో పోలిస్తే వేరే సీరియల్ లాంటిది. నార్తంబర్లండులోని ఆల్నిక్ కోటలో, చలిలో, గుర్రాలతో, జనంతో బాగా ఖర్చుపెట్టి తీశారు. స్టూడియోలో ప్రేక్షకులు లేకుండా తీసి, ఆ తర్వాత జనానికి చూపించి నవ్వులు రికార్డు చేశారు. దాంతో నటుడు డైలాగ్ వేసి నవ్వు కోసం ఆగే లయ అందులో లేదు. పైగా ఇందులో ఎడ్మండ్ పిరికి, తింగరి రాకుమారుడు. తెలివైనవాడు బాల్డ్రిక్. తనకో భయంకరమైన బిరుదు కావాలని ఎడ్మండ్ ముందు ఆలోచించేది ‘నల్ల కూరగాయ’ అని. నల్ల పాము పేరు సూచించేది బాల్డ్రిక్. ఆడర్ అంటే పింజర జాతి విషపు పాము లెండి.

ఆ ఖర్చు చూసి, అప్పుడు బీబీసీ వన్ బాధ్యత చూస్తున్న మైకేల్ గ్రేడ్ రెండో సీజన్‌కి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చవగ్గా తీస్తేనే అన్నారు. కోట పోయింది, గుర్రాలు పోయాయి, మూడు నాలుగు సెట్లు మిగిలాయి. రాతలో రిచర్డ్ కర్టిస్ పక్కన అట్కిన్సన్ స్థానంలోకి బెన్ ఎల్టన్ వచ్చాడు. ఇద్దరూ చెరి సగం ఎపిసోడ్లు రాసి ఫ్లాపీలు మార్చుకునేవారు. ఒకరు కొట్టేసిన లైను రెండోవారు మళ్లీ పెట్టకూడదని ఒప్పందం. చూపించడానికి బయట ఏమీ లేదు కాబట్టి బరువంతా మాట మీద పడింది. హీరో తెలివి, నౌకరు తెలివి తారుమారయ్యాయి. మనం ఇవాళ బ్లాకాడర్ అని చెప్పుకునేది ఆ లోటు బడ్జెట్‌లో పుట్టినదే.

మూడో సీజన్: మన వాళ్లకి ఇదే గుమ్మం

1987 సెప్టెంబర్, అక్టోబర్‌లలో వచ్చింది. మూడో జార్జి రాజుకి మతి చలించడంతో ఆయన కొడుకు 1811 నుంచి 1820 దాకా రీజెంట్‌గా ఉన్నాడు. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసు రేవులో దిగేనాటికి లండన్‌లో పాలన ఈ యువరాజు పేరు మీదే నడుస్తోంది. ఆ పాత్ర హ్యూ లారీది. ‘హౌస్’ సీరియల్లో ఆయన్ని చిరచిరలాడే డాక్టరుగా చూసినవాళ్లు, ఇందులో ప్యాంటు తనంతట తాను తొడుక్కోలేని యువరాజుగా చూసి కాసేపు నమ్మలేరు.

ముందు దీన్ని ఎంచుకోమనడానికి కారణం సరళం. యజమాని మొద్దు, నౌకరు మేధావి అనే పొత్తు మనకి నాటకాల కాలం నుంచీ అలవాటే. గదిలో ముగ్గురే ఉంటారు: యువరాజు, బట్లర్ బ్లాకాడర్, కింద వంటింట్లో బాల్డ్రిక్. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. చరిత్ర తెలియకపోయినా కథ ఆగదు.

మొదటి ఎపిసోడ్ ‘డిష్ అండ్ డిస్‌ఆనెస్టీ’ ఉపఎన్నిక గురించి. దీనికి తెలుగువాళ్లకి ఉపోద్ఘాతం అక్కర్లేదు. యువరాజు భత్యం రద్దు చేసే బిల్లు పార్లమెంటుకి వస్తుంది. దాన్ని ఓడించడానికి ఒక ఓటు తక్కువ. డనీ ఆన్ ద వోల్డ్ అనే నియోజకవర్గం ఖాళీ అవుతుంది. అక్కడి జనాభా గజ్జి పట్టిన మూడు ఆవులు, కోలిన్ అనే కుక్క, నలభై దాటిన ఒక కోడి. ఓటరు ఒక్కడే. అక్కడ బాల్డ్రిక్‌ని నిలబెడతారు. రిటర్నింగ్ అధికారి బ్లాకాడర్. పాత అధికారి ప్రమాదంలో పోయాడట. ఆ ఒక్క ఓటరూ బ్లాకాడరే. పాత ఓటరు కూడా ప్రమాదంలోనే పోయాడట. బాల్డ్రిక్‌కి వచ్చిన ఓట్లు 16,472. ఫలితాల్ని కిటికీలోంచి లైవ్ ఇస్తున్నట్టు చెప్పేది విన్సెంట్ హానా. ఆయన నిజంగానే బీబీసీలో ఎన్నికల వార్తలు చెప్పిన విలేకరి. ఇందులో తన ముత్తాతకి తాతలాంటి పాత్ర వేశాడు. ఆ రోజుల్లో ఇలాంటి నియోజకవర్గాలు నిజంగా ఉండేవి. ఓల్డ్ సారం అనే చోట వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది ఓటర్లతో ఇద్దరు ఎంపీలు ఎన్నికయ్యేవారు. 1832 సంస్కరణల చట్టంతో వాటికి తెర పడింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఎపిసోడ్ మొత్తం మీ చేతిలోనే.

రెండో ఎపిసోడ్ ‘ఇంక్ అండ్ ఇన్‌కేపబిలిటీ’ ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఎందుకంటే అట్కిన్సన్ గొంతు ఏం చేయగలదో చూపించడానికి ఇంతకంటే మంచి అరగంట లేదు. డాక్టర్ శామ్యూల్ జాన్సన్ పదేళ్లు కష్టపడి తయారుచేసిన నిఘంటువు పట్టుకుని యువరాజు దగ్గరికి వస్తాడు. ఇంగ్లీషులో ఉన్న ప్రతి మాటా ఇందులో ఉందని గర్వంగా అంటాడు. బ్లాకాడర్ మొహంలో కండరం కదలదు. అలాగే నిలబడి, మర్యాదగా, మెల్లగా, ‘తమకు నా హృదయపూర్వక కాంట్రాఫిబ్యులారిటీస్’ అంటాడు. అలాంటి మాట లేదు. జాన్సన్ కంగారుగా నిఘంటువులో రాసుకోవడం మొదలుపెడతాడు. బ్లాకాడర్ ఆగడు. అనాస్పెప్టిక్, ఫ్రాస్మోటిక్, పెరికాంబాబ్యులేషన్ అంటూ ఒకదాని వెనక ఒకటి సొంత సరుకు వదులుతాడు. ప్రతి మాటనూ రోజూ వాడే మాటలాగే పలుకుతాడు. నవ్వు ఆ తాపీతనంలోంచి వస్తుంది. ఇక్కడ మన ప్రేక్షకుడికి ఒక సౌకర్యం ఉంది: ఆ మాటలు మీకు అర్థం కాకపోతే జాన్సన్‌కీ అర్థం కాలేదు, లండన్‌లో కూర్చున్నవాడికీ అర్థం కాలేదు. అందరూ ఒకే బల్ల మీద ఉన్నారు.

తర్వాత బాల్డ్రిక్ ఆ రాతప్రతిని చలి కాచుకునే పొయ్యిలో వేస్తాడు. బ్లాకాడర్ ఒక్క వారాంతంలో నిఘంటువంతా తిరగ రాయాలని కూర్చుంటాడు. ‘కుక్క’ అన్న మాటకి బాల్డ్రిక్ రాసిచ్చే అర్థం ‘పిల్లి కానిది’. నిజం జాన్సన్ నిఘంటువు అచ్చయింది 1755లో. యువరాజు పుట్టింది 1762లో. జాన్సన్ 1784లో పోయాడు, రీజెన్సీకి చాలా ముందు. రచయితలకి ఇదంతా తెలుసు, పట్టించుకోలేదు. తేదీలు పట్టుకుని చూసేవాళ్లకి ఈ సీరియల్ పొడుగునా ఇదే చికాకు, కాబట్టి పరీక్షకి చదువుతున్నట్టు చూడకండి.

ఈ రెండూ నచ్చితే ‘సెన్స్ అండ్ సెనిలిటీ’ చూడండి. ‘మెక్‌బెత్’ పేరు వింటేనే అపశకునమని ఇద్దరు నటులు గంతులేసి ముక్కులు పిండుకునే ఎపిసోడ్ అది. బ్లాకాడర్ ఆ పేరు ఎన్నిసార్లు కావాలని అంటాడో లెక్కపెట్టుకోండి. ఈ ఒక్క ముచ్చటలో బీన్ తరహా శరీర హాస్యం, బ్లాకాడర్ తరహా మాట హాస్యం రెండూ కలుస్తాయి.

రెండో సీజన్: రాణిగారి మూడ్‌ని బట్టి తల

1986 జనవరి, ఫిబ్రవరి. ఎలిజబెత్ రాణి ఏలిన కాలం 1558 నుంచి 1603. హైదరాబాద్‌లో చార్మినార్ లేచిన 1591లో ఆమె సింహాసనం మీదే ఉంది. మిరాండా రిచర్డ్‌సన్ ఆ పాత్రని చాక్లెట్ అడిగే పిల్లలా చేస్తుంది, అడిగేది మాత్రం తలలు. తెనాలి రామకృష్ణుడి కథల్లో రాజుకి కోపమొస్తే తల తీయమనడం, కవి మాటతో తప్పించుకోవడం మనకి తెలిసిందే. ఇక్కడా అదే ప్రాణభయం, అదే నాలుక. కాకపోతే ఈ కవికి దయాదాక్షిణ్యాలు లేవు.

‘హెడ్’ ఎపిసోడ్ ముందు చూడండి. మొదటి సీన్‌లోనే బ్లాకాడర్ నౌకరుకి లెక్కలు నేర్పుతుంటాడు. రెండు గింజలు, వాటికి రెండు గింజలు కలిపితే ఎన్ని? ‘కొన్ని గింజలు’ అంటాడు బాల్డ్రిక్. అసలు కథ: బ్లాకాడర్‌కి మరణశిక్షలు అమలు చేసే శాఖ అంటగడతారు. వారంలో కొంత సెలవు మిగుల్చుకోవడానికి బుధవారం తల తీయాల్సిన ఫారో అనే ప్రభువుని సోమవారానికి జరుపుతాడు. ఆ తర్వాత ఫారో భార్య, ఆఖరి చూపుకి రాణి అనుమతి తెచ్చుకుంటుంది. చనిపోయినవాడిని బతికున్నట్టు చూపించాలి. తలకి సంచి తగిలించుకుని బ్లాకాడరే ఆ భర్త వేషంలో కూర్చుంటాడు. ఆయన కంఠస్వరం ఎలా ఉండేదో, పొడుగో పొట్టో, చేతులు ఎన్నో ఏమీ తెలియదు. అడిగి తెలుసుకునే వీలూ లేదు. ముఖం కనిపించకుండా వట్టి గొంతుతోనే అట్కిన్సన్ అంతసేపు నడిపిస్తాడు. బీన్ దగ్గర ఆగిపోయిన ప్రేక్షకుడు ఊహించని పని ఇది.

‘బీర్’లో ఒకే రాత్రి, ఒకే ఇంట్లో రెండు విందులు. ముందు గదిలో తాగుబోతుల పందెం, వెనక గదిలో ఆస్తి ఇస్తానన్న మహా నిష్ఠాగరిష్ఠురాలైన అత్త. మధ్య తలుపు తీస్తూ వేస్తూ ఉండటమే కథ. ఇంగ్లీషు అంతగా రాకపోయినా నవ్వొచ్చే ఎపిసోడ్ ఈ సీజన్‌లో ఇదే.

‘బెల్స్’ చూసేది ఒక్క అక్షరం కోసం. కేట్ అనే అమ్మాయి మగవేషంలో వచ్చి, తన పేరు ‘కేట్, బాబ్‌కి పొట్టి పేరు’ అని సర్దుకుంటుంది. అప్పట్నుంచి బ్లాకాడర్ ఆమెని ‘బాబ్’ అన్నప్పుడల్లా జాగ్రత్తగా వినండి. పెదాలు రెండూ బిగుసుకుంటాయి, గాలి ఆగుతుంది, అప్పుడు ‘బ’ పేలుతుంది, చివరి ‘బ్’ మీద మళ్లీ ఒకసారి తలుపు మూసినట్టు మూసుకుంటుంది. అట్కిన్సన్‌కి నత్తి ఉంది. ఆ సంగతి ఆయనే బయట చెప్పుకున్నాడు. ‘బ’ లాంటి అక్షరాల దగ్గర ఎక్కువ ఇబ్బంది అట. దాన్ని దాటడానికి అక్షరాన్ని అతిగా నొక్కి పలకడం అలవాటై, అదే ఆయన హాస్యానికి పనిముట్టయింది. ఇది తెలిశాక ఆయన పాత స్కెచ్‌లు కూడా వేరేగా వినిపిస్తాయి.

ఈ సీజన్ ఆఖరి ఎపిసోడ్ ‘చెయిన్స్’ అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు ఆపేయకండి. పేర్ల తర్వాత ఇంకో షాట్ ఉంది, అది లేకపోతే కథ పూర్తి కాదు. తర్వాతి వీడియోకి దానంతటదే దూకే సెట్టింగ్ ఉంటే ముందే తీసేయండి.

నాలుగో సీజన్: వరుస తప్పితే చెడేది ఇదొక్కటే

1989 సెప్టెంబర్ 28న మొదలై నవంబర్ 2న ముగిసింది. 1917, పశ్చిమ రంగం, ఒక కందకం. ఒకవైపు బురద, మరోవైపు ఊళ్లో దర్జాగా కూర్చుని దాడికి ఆజ్ఞలిచ్చే జనరల్ మెల్చెట్. స్టీఫెన్ ఫ్రై మేకలా అరుస్తూ చేసిన పాత్ర అది. అతని సహాయకుడి పేరు కెప్టెన్ డార్లింగ్. స్క్రిప్టులో ముందున్న పేరు కార్ట్‌రైట్. రిహార్సల్స్‌లో ఫ్రై సూచనతో డార్లింగ్ అయింది. టిమ్ మెకినెర్నీ చెంప ఆ పేరు వినగానే ఎలా అదురుతుందో చూడండి. ఆరు ఎపిసోడ్ల పాటు ఒకే జోకు, ఒక్కసారి కూడా పాతబడదు.

మొదటి ఎపిసోడ్‌లో బాల్డ్రిక్ తుపాకీ గుండు మీద తన పేరు చెక్కుకుంటూ ఉంటాడు. ‘ప్రతివాడికీ వాడి పేరు రాసిన గుండు ఒకటుంటుంది’ అంటారు కదా, ఆ గుండు తన దగ్గరే ఉంటే ఎవరూ తనని కాల్చలేరని వాడి లెక్క. ఈ సీజన్ రుచి అంతా ఆ ఒక్క జోకులో ఉంది. నవ్వుతాం, కానీ చావు పక్కనే కూర్చుని ఉంటుంది.

చివరి ఎపిసోడ్ ‘గుడ్‌బై’ చివరి రెండు నిమిషాల క్లిప్ నెట్లో అందరికీ దొరుకుతుంది. అది ముందు చూసేయడం ఈ సీరియల్ విషయంలో మీకు మీరు చేసుకునే అతి పెద్ద అన్యాయం. ముందు ఐదు ఎపిసోడ్లలో బ్లాకాడర్ ఆ కందకం నుంచి తప్పించుకోవడానికి ఎన్నో ఎత్తులు వేస్తాడు: చిత్రకారుడవుతానంటాడు, విమానం నేర్చుకుంటానంటాడు. ఆరో దాంట్లో తలకి లోదుస్తు తొడుక్కుని, ముక్కులో పెన్సిళ్లు దోపుకుని పిచ్చివాడిలా నటిస్తాడు. ఫీల్డ్ మార్షల్ హేగ్‌కి ఫోన్ చేస్తాడు. అటువైపు హేగ్ బల్ల మీద బొమ్మ సైనికుల్ని పడగొట్టి, చీపురుతో చేటలోకి ఊడ్చి, భుజం మీదుగా వెనక్కి విసిరేస్తుంటాడు. ఎత్తులన్నీ అయిపోయిన మనిషి దాడికి ఊదే విజిల్ కోసం ఎదురుచూడటం ఏమిటో ఆ వరుసలో వస్తేనే అర్థమవుతుంది. ముగింపు షాట్ నిజానికి చాలా కొద్దిసేపే తీశారు. ఎడిటింగ్‌లో దాన్ని నెమ్మది చేసి, గసగసాల జాతి ఎర్రపూల పొలంలోకి కరిగించారు. టైటిల్ సంగీతం అక్కడ ఒంటరి పియానో మీద వినిపిస్తుంది.

ఇది చరిత్ర పాఠమా? 2014లో బ్రిటన్ విద్యా మంత్రి మైకేల్ గోవ్, ఈ సీరియల్ లాంటివి యుద్ధం గురించి తప్పుడు అభిప్రాయం కలిగిస్తున్నాయని విమర్శించాడు. బాల్డ్రిక్ వేసిన టోనీ రాబిన్సన్ ఎదురు సమాధానం చెప్పాడు. మన వైపు నుంచి ఒక మాట: ఆ కందకాల్లో 1914 నుంచి భారత సైనికులూ ఉన్నారు. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో 4,700 మందికి పైగా మన సైనికుల పేర్లున్న స్మారకం ఉంది. ఈ సీరియల్లో వాళ్లు కనిపించరు.

మీరు ఎలాంటి ప్రేక్షకులు?

ఇంగ్లీషు సినిమాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూడగలిగితే, ఇంగ్లీషు సాహిత్యం కాస్త చదివి ఉంటే రెండో సీజన్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు. మాట వేగం అందుకోలేకపోతే మూడో సీజన్ ఎన్నికల ఎపిసోడ్, తర్వాత ‘బీర్’. గంభీరమైన సినిమాలు ఇష్టపడి, కామెడీ అంటే తేలిక అనుకునేవాళ్లకి నాలుగు, కానీ ఆరూ వరుసగా. కోటలు, కత్తులు, గట్టిగా అరిచే రాజులు కావాలంటే ఒకటి. అందులో రాజు వేసిన బ్రయాన్ బ్లెస్డ్ గొంతు ఒక్కటి చాలు, స్పీకర్లు జాగ్రత్త.

పిల్లలతో కలిసి చూడాలంటే బ్లాకాడర్ వద్దు. ద్వంద్వార్థాలు చాలా ఉంటాయి, చిత్రహింసల మీద జోకులుంటాయి, విదేశీయుల మీద, ఆడవాళ్ల మీద ఆ కాలపు వెటకారం ఉంటుంది. పదమూడు పద్నాలుగేళ్లు దాటినవాళ్లతో మూడో సీజన్ పర్వాలేదు. చిన్నవాళ్లకి బీన్ అసలు సీరియలే మంచిది, అది కూడా కార్టూన్‌కి ముందు వచ్చినది. 1990 జనవరి 1న ఐటీవీలో మొదలై 15 ఎపిసోడ్లు వచ్చాయి. ఆ పాత్రని అట్కిన్సన్ 1987లో మాంట్రియల్ హాస్యోత్సవంలో ఫ్రెంచి ప్రదర్శనల మధ్య వేయించుకుని పరీక్షించాడు. మాట అర్థం కానివాళ్లు నవ్వుతారో లేదో చూడాలని. బ్లాకాడర్ చేస్తున్న రోజుల్లోనే, దానికి పూర్తిగా ఎదురు దిక్కులో.

అందుకే రెండూ పక్కపక్కన చూస్తే లాభం. బీన్ మొదటి ఎపిసోడ్‌లో పరీక్ష హాలు సీను తీసుకోండి. త్రికోణమితి చదువుకుని వచ్చినవాడికి కలన గణితం పేపరు కనిపిస్తుంది. కళ్లు, పెదవి, మెడ, భుజం అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కుప్పకూలతాయి. ఆ వెంటనే జాన్సన్ సీను పెట్టండి. అదే మొహం, రాయి. బీన్‌లో ముఖమంతా పనిచేస్తే గొంతు గొణుగుతుంది. బ్లాకాడర్‌లో ముఖం మూసుకుంటే గొంతు పనిచేస్తుంది. కనుబొమ్మ లేచేది ఎక్కడో ఒకచోట, లేచినప్పుడు మాత్రం అది ఒక డైలాగ్ విలువ చేస్తుంది.

చూసేటప్పుడు

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బ్లాకాడర్ తిట్టు ఉపమానంలా మొదలై పెరుగుతూ పోతుంది: ‘నక్క అంత జిత్తులమారి’ దగ్గర ఆగదు, ఆ నక్కకి ఆక్స్‌ఫర్డ్‌లో జిత్తుల శాఖ ప్రొఫెసరు ఉద్యోగం వచ్చేదాకా సాగుతుంది. మధ్యలో ఒక్క మాట జారితే చివరి దెబ్బ తగలదు. అర్థం కాకపోతే ఆ లైను మాత్రం వెనక్కి జరిపి వినండి. ఎపిసోడ్ మొత్తం ఆపి నిఘంటువు వెతకొద్దు, లయ పోతుంది.

రెండు నుంచి నాలుగు సీజన్ల దాకా వినిపించే నవ్వులు స్టూడియోలో కూర్చున్న జనానివి. ఆ నవ్వు ఆగేదాకా అట్కిన్సన్ మొహం ఏం చేస్తుందో చూడండి, సగం నటన అక్కడే జరుగుతుంది. వేగం పెంచి చూసే అలవాటుంటే ఇక్కడ మానుకోండి.

బొమ్మ పాత టీవీ కొలతలో, చదరానికి దగ్గరగా ఉంటుంది. టీవీ సెట్టింగ్‌లో సాగదీసి తెర నింపితే మొహాలు వెడల్పవుతాయి. పైనా కిందా కోసిన వెర్షన్‌లో బాల్డ్రిక్ చేతిలోని వస్తువులు కనిపించవు. ఎపిసోడ్ నిడివి 28 నిమిషాలకి అటూ ఇటూ ఉందో లేదో చూసుకోండి. 22, 23 నిమిషాలే ఉంటే ప్రకటనల కోసం కోసేసిన కాపీ అన్నమాట.

అన్నీ అయ్యాక ఇంకా కావాలనిపిస్తే బెన్ ఎల్టన్ రాసిన ‘ది థిన్ బ్లూ లైన్’ ఉంది. 1995, 96ల్లో వచ్చింది, 14 ఎపిసోడ్లు. అట్కిన్సన్ పోలీసు ఇన్‌స్పెక్టర్. మెత్తగా ఉంటుంది, బ్లాకాడర్ పదును వెతక్కండి. దానికంటే 1988 డిసెంబర్‌లో వచ్చిన 43 నిమిషాల క్రిస్మస్ స్పెషల్ ముందు చూడటం మేలు. దానికి మూలమైన డికెన్స్ కథ ‘ఎ క్రిస్మస్ కెరొల్’లో పిసినారి మంచివాడవుతాడు. ఇందులో విక్టోరియా కాలంలోకెల్లా మంచివాడైన ఎబినీజర్ బ్లాకాడర్‌ని అందరూ దోచుకుంటుంటారు. తన పూర్వీకులు ఎంత దుర్మార్గులో భూతం చూపించాక, అతడికి ఆలోచన మొదలవుతుంది. ఆ పూర్వీకులు రెండో, మూడో సీజన్లవాళ్లే, కాబట్టి ఆ రెండూ పూర్తి చేశాకే పెట్టుకోండి.